ముద్ర చూశారు సరే, చెక్క చూశారా?

ఎగుమతి కంపెనీలో డిస్పాచ్ విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఒక మాట చెబుతారు: "ప్యాలెట్ మీద ముద్ర ఉందో లేదో చూసి ఎక్కించు." ఆ ముద్ర ఎందుకు, దానిమీద అక్షరాలేమిటి, లేకపోతే ఏమవుతుంది అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. చెప్పే సీనియర్‌కే చాలాసార్లు తెలియదు. దాంతో నిబంధన కాస్తా తంతు అయిపోతుంది. రాత్రి పదకొండింటికి కంటైనర్ గేటు దగ్గర ఆగి ఉండి, డ్రైవర్ హారన్ కొడుతూ, మేనేజర్ ఫోన్ చేస్తూ ఉన్నప్పుడు అన్నిటికంటే ముందు వదిలేసేది ఇలాంటి తంతునే.

చీమకుర్తి, ఒంగోలు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, కరీంనగర్ కటింగ్ యూనిట్లలో, పాశమైలారం, పరవాడ మందుల కంపెనీల్లో, బాలానగర్ మెషిన్ షాపుల్లో ప్యాకింగ్, స్టోర్స్, లోడింగ్, డాక్యుమెంటేషన్ చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిబంధనల పుస్తకం బట్టీ పట్టక్కర్లేదు. ఒక పురుగు ఎలా బతుకుతుందో తెలిస్తే చాలు, అందులోని ప్రతి నిబంధనా ఎందుకుందో దానంతటదే అర్థమవుతుంది. అర్థమైన నిబంధన ఒత్తిడిలో కూడా గుర్తుంటుంది.

ఆ పురుగు పేరు ఏషియన్ లాంగ్‌హార్న్ బీటిల్. శాస్త్రీయ నామం అనోప్లోఫోరా గ్లాబ్రిపెన్నిస్. పొడుగు మీసాల పెంకుపురుగుల కుటుంబంలోది. మన మామిడి తోటల్లో కాండం తొలిచే పురుగు, శ్రీకాకుళం జీడి తోటల్లో మొదళ్లనీ వేర్లనీ గుల్ల చేసే పురుగు, రెండూ దీని చుట్టాలే. దీని పుట్టిల్లు చైనా, కొరియా. అక్కడ ఇది ముఖ్యంగా పాప్లర్, విల్లో చెట్ల మీద పడి బతుకుతుంది. విల్లో అంటే మనకు క్రికెట్ బ్యాట్ చెక్కగానే పరిచయం. చైనా ఉత్తర ప్రాంతాల్లో ఎడారి ఇసుకను ఆపడానికి 1978లో మొదలుపెట్టిన భారీ వనీకరణ పథకంలో వరసలు వరసలుగా నాటినవి ఎక్కువగా ఈ జాతి చెట్లే. మైళ్ల కొద్దీ ఒకే రకం చెట్లు దొరికేసరికి పురుగు విపరీతంగా పెరిగింది. నింగ్‌షియా ప్రాంతంలో 1990ల మొదట్లో కోట్ల సంఖ్యలో చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. పురుగు పట్టిన చెట్టు మంచి కలపగా పనికిరాదు. చవక కలప చివరికి చేరేది ప్యాకింగ్ పెట్టెల్లోకే. మీకూ ఆ పురుగుకూ సంబంధం కలిసేది అక్కడే.

పురుగును ఒకసారి దగ్గరగా చూద్దాం. రెండు నుంచి మూడున్నర సెంటీమీటర్ల పొడవు. నిగనిగలాడే నల్లటి రెక్కల మీద అడ్డదిడ్డంగా తెల్ల మచ్చలు. నలుపు, తెలుపు పట్టీలున్న మీసాలు మగపురుగుకైతే ఒంటి పొడవుకు రెట్టింపు ఉంటాయి. ఆడపురుగు చెట్టు బెరడును దవడలతో కొరికి చిన్న గుంట చేసి, అందులో బెరడు కిందకు ఒక్క గుడ్డు దించుతుంది. మళ్లీ ఇంకో గుంట, ఇంకో గుడ్డు. రెండు వారాలు అటూఇటూగా గుడ్డు పగులుతుంది. పిల్లపురుగు మొదట బెరడు కింద ఉన్న మెత్తటి పొరను తింటుంది. కాస్త బలం వచ్చాక లోపలి చేవలోకి సొరంగం తవ్వుకుంటూ పోతుంది. పూర్తిగా పెరిగిన పిల్లపురుగు ఐదు సెంటీమీటర్ల వరకూ ఉంటుంది. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు లోపలే గడిపి, అక్కడే ప్యూపాగా మారి, రెక్కలొచ్చాక బయటికి దారి తొలుచుకుంటుంది. ఆ రంధ్రం సుమారు సెంటీమీటరు వెడల్పుతో, డ్రిల్లు బిట్టుతో కొట్టారా అనిపించేంత గుండ్రంగా ఉంటుంది.

ఇందులో మీ పనికి సంబంధించిన సంగతి ఏమిటంటే, ఆ ఏడాదీ రెండేళ్లూ బయటికి ఏమీ కనిపించదు. చెట్టు కొట్టి, సామిల్లులో కోసి, మేకులు కొట్టి పెట్టె చేసినా లోపలి పురుగు చావకుండా ఉండొచ్చు. సముద్రం మీద నెల ప్రయాణం దానికి లెక్కలోకి రాదు.

1996 ఆగస్టులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్ ప్రాంతంలో ఒకాయన తన మేపుల్ చెట్లకు గుండ్రటి రంధ్రాలు చూసి, ఎవరో ఆకతాయిలు డ్రిల్లుతో కొట్టారనుకున్నాడు. అమెరికాలో ఈ పురుగు దొరికింది అదే మొదటిసారి. 1998లో షికాగోలో, 2002లో జెర్సీ సిటీలో కనబడింది. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో బయటపడేనాటికి అది వచ్చి పదేళ్లు దాటిందని తేలింది. ఆ ఒక్క ప్రాంతంలోనే 30 వేలకు పైగా చెట్లు నరికారు. నరికి, పొడి చేసి, వేర్ల మొదళ్లు కూడా పిండి చేయడం తప్ప పట్టిన చెట్టుకు వేరే వైద్యం లేదు. వూస్టర్‌లో కూడా ముందు చూసి కబురు పెట్టింది అక్కడ ఉండే ఒక మామూలు ఇల్లాలే, అధికారి కాదు. అమెరికా 1998 డిసెంబరు నుంచి చైనా చెక్క ప్యాకింగ్‌కు శుద్ధి తప్పనిసరి చేసింది. ఆ దెబ్బతో ప్రపంచమంతటికీ ఒకే నియమం ఉండాలన్న ఆలోచన బలపడి, అంతర్జాతీయ సస్య సంరక్షణ ఒప్పందం కింద 2002లో ఐఎస్‌పీఎం 15 అనే ప్రమాణం వచ్చింది. మీ ప్యాలెట్ మీద ఉన్న ముద్ర దానిదే.

గ్రానైట్ వాళ్లకు ఇంకో ముక్క. 2012లో ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీ ప్యాడక్ వుడ్‌లో ఈ పురుగు పట్టి రెండు వేలకు పైగా చెట్లు కొట్టేశారు. అది దొరికిన చోటు పక్కనే చైనా నుంచి రాయి దిగుమతి చేసుకునే వ్యాపార స్థలం ఉంది. రాయితో పాటు వచ్చిన చెక్కే దారి అని తేల్చారు. 2013లో యూరోపియన్ యూనియన్ చైనా నుంచి వచ్చే గ్రానైట్, పాలరాయి, పలకరాయి సరుకు చెక్కల మీద ప్రత్యేక తనిఖీలు పెట్టింది. రాయికి పురుగు పట్టదు. కానీ రాయి బరువైన సరుకు, దాన్ని కట్టే చెక్క మందంగా, మొరటుగా, చవకగా ఉంటుంది. మన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అయినా, టాన్ బ్రౌన్ గ్రానైట్ అయినా అంతే. తనిఖీ అధికారి రాయి కంటైనర్ చూడగానే కింద చెక్క వైపు వంగుతాడంటే కారణం ఇది.

ఇప్పుడు నియమాల దగ్గరికి వద్దాం.

వేడి శుద్ధి అంటే చెక్క నడిమధ్య భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఆ వేడి ఆగకుండా 30 నిమిషాలు నిలవాలి. గది వేడి కాదు, చెక్క గర్భంలోని వేడి. పురుగు ఉండేది చేవలో కాబట్టి ఈ షరతు. కుండలో పై మెతుకు పట్టి చూసి అడుగు ఉడికిందని చెప్పలేం కదా. అందుకే శుద్ధి గదిలో ఉష్ణోగ్రత కొలిచే తీగల్ని అన్నిటికంటే మందమైన దుంగకు రంధ్రం చేసి లోపల దించుతారు. యంత్రం గీసిన ఉష్ణోగ్రత గ్రాఫ్ ప్రతి విడతకూ ఉంటుంది. సరఫరాదారుణ్ని సర్టిఫికెట్ ఒక్కటే కాదు, ఆ గ్రాఫ్ కూడా అడగండి. అడిగిన మాట విని ఇబ్బంది పడే సరఫరాదారు గురించి మీకు అప్పటికప్పుడే చాలా తెలిసిపోతుంది.

గ్యాస్ శుద్ధి మిథైల్ బ్రోమైడ్‌తో, కనీసం 24 గంటలు. చెక్క మందం 20 సెంటీమీటర్లు దాటితే ఈ పద్ధతి పనికిరాదు, గ్యాస్ మధ్యకు చేరదు. భారీ యంత్రాల కింద వేసే దిమ్మెలకు గ్యాస్ కొట్టించి ముద్ర వేయించామని ఎవరైనా అంటే టేపు పెట్టి కొలవండి. గ్యాస్ కొట్టే ముందే బెరడు తీసి ఉండాలి కూడా. వేడి శుద్ధికైతే ముందు తీసినా, తర్వాత తీసినా ఫరవాలేదు.

బెరడు గురించి చాలామంది పొరబడతారు. అసలే ఉండకూడదని కాదు. మిగిలిన బెరడు ముక్క వెడల్పు మూడు సెంటీమీటర్ల లోపుంటే పొడవు ఎంతైనా సరే. వెడల్పు అంతకు మించితే ఒక్కో ముక్క మొత్తం వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్ల లోపుండాలి. అంటే దాదాపు ఏటీఎం కార్డంత. అంతకంటే పెద్ద బెరడు ఉంటే, శుద్ధి అయ్యాక కూడా కొత్త పురుగు వచ్చి దాని కింద చేరగలదు. ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా పెద్ద బెరడు ఉన్న చెక్క తిరస్కరణకు గురవుతుంది. లోడింగ్ దగ్గర కంటితో పట్టుకోగలిగిన తప్పుల్లో అన్నిటికంటే సులువైనది ఇదే, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

ఆరు మిల్లీమీటర్ల లోపు మందమున్న చెక్కకు మినహాయింపు ఉంది. జిగురు, వేడి, ఒత్తిడితో తయారయ్యే ప్లైవుడ్, పార్టికల్ బోర్డు లాంటివాటికీ ఉంది. ఇక్కడే మందుల కంపెనీల వాళ్లు బోల్తా పడతారు. "మాది ప్లైవుడ్ పెట్టె, మాకు ముద్ర అక్కర్లేదు" అంటారు. పెట్టె గోడలు ప్లైవుడ్డే. కానీ ఫోర్క్‌లిఫ్ట్ దూరడానికి అడుగున వేసిన కాళ్లు? మూలల్లో లోపలివైపు కొట్టిన బద్దలు? అవి ముడి చెక్క అయితే శుద్ధీ కావాలి, ముద్రా కావాలి. పెట్టెను ఒక పక్కకు వంచి అడుగు చూడనిదే ప్లైవుడ్ పెట్టె అని కాగితం మీద రాయకండి.

ముద్ర చదవడం పెద్ద విద్యేమీ కాదు. దీర్ఘచతురస్రం లేదా చతురస్రం గీత లోపల, ఎడమవైపు గోధుమ కంకిలాంటి గుర్తు, అంతర్జాతీయ సస్య సంరక్షణ ఒప్పందాన్ని సూచించే ఐపీపీసీ అక్షరాలు. మధ్యలో నిలువు గీత. కుడివైపు దేశం కోడ్, మన దేశానికైతే ఐఎన్. దాని పక్కన శుద్ధి చేసిన యూనిట్ నంబరు. ఆ తర్వాత హెచ్‌టీ అంటే వేడి శుద్ధి, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్. ముద్ర చెదిరిపోనిదై ఉండాలి. ఊడదీసి ఇంకో చోట అంటించగలిగే చీటీ కాకూడదు. చేత్తో రాసింది కాకూడదు. వీలైతే ఎదురెదురు వైపుల రెండుచోట్ల కనిపించాలి. ఎరుపు, నారింజ రంగులు వాడొద్దని ప్రమాణమే చెబుతుంది, అవి ప్రమాదకర సరుకుల లేబుళ్ల రంగులు కాబట్టి. యూనిట్ నంబరు ఇచ్చేది ఫరీదాబాద్‌లోని కేంద్ర సస్య సంరక్షణ, క్వారంటైన్, నిల్వల డైరెక్టరేట్. గుర్తింపు పొందిన యూనిట్ల జాబితాలో ఆ నంబరు ఉందో లేదో, గడువు ముగిసిందో లేదో చూసుకోవడం సరఫరాదారుల ఫైలు చూసే ఉద్యోగి బాధ్యత.

ఒక్క మాట సూటిగా చెప్పాలి. మీ కంపెనీకి గుర్తింపు లేకపోయినా ప్యాకింగ్ షెడ్డులో ముద్ర స్టెన్సిల్, రంగు డబ్బా ఉన్నాయంటే అది నకిలీ. "అందరూ చేసేదే" అనేవాళ్లు ఉంటారు. ఆ స్టెన్సిల్ మీ చేత్తో ముట్టుకోవద్దు, వేయించే పని మీ పేరు మీద ఉండనివ్వద్దు. రేపు సరుకు పట్టుబడి, ఆ నంబరు అసలు యూనిట్‌ను విచారించినప్పుడు వాళ్లు తమ రికార్డులు చూపించి బయటపడతారు. మిగిలేది షెడ్డులో ఉన్న మనిషే.

పాత ప్యాలెట్లు బాగుచేసి వాడే చోట కూడా లెక్క ఉంది. మూడో వంతు వరకూ చెక్కలు మారిస్తే అది మరమ్మతు, అప్పుడు కొత్తగా వేసిన ప్రతి చెక్కా శుద్ధి అయి దాని ముద్ర దానికుండాలి. అంతకు మించితే కొత్త ప్యాలెట్ కిందే లెక్క. పాత ముద్రలన్నీ చెరిపేసి, మళ్లీ శుద్ధి చేసి, కొత్త ముద్ర వేయాలి. ఒకే ప్యాలెట్ మీద రెండు మూడు దేశాల ముద్రలు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఇంతవరకూ చెప్పింది పగటి పూట, తీరిగ్గా జరిగే పని. అసలు తప్పు జరిగేది స్టఫింగ్ దగ్గర, అంటే కంటైనర్‌లోకి సరుకు ఎక్కించే దగ్గర.

గ్రానైట్ స్లాబుల బండిళ్లు కంటైనర్‌లోకి ఎక్కుతున్నాయనుకోండి. బండిళ్ల చెక్క అంతా ముద్ర ఉన్నదే. చివరి బండిల్‌కూ కంటైనర్ గోడకూ మధ్య జానెడు సందు మిగిలింది. మేస్త్రీ యార్డు మూలకు చూసి, అక్కడున్న నీలగిరి దుంగ ఒకటి తెప్పించి, రంపంతో రెండు ముక్కలు చేసి సమ్మెటతో దిగగొట్టాడు. బెరడు అలాగే ఉంది.

"మేస్త్రీ గారూ, దానికి ముద్ర లేదు కదా?"

"రెండు ముక్కలే గదా బాబూ, లోపల ఎవరు చూస్తారు? సరుకు కదలకుండా ఉంటే చాలు."

ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. సరుకు కదలకూడదు. స్లాబుల బండిల్ ఒరిగితే మనిషి ప్రాణం పోతుంది, కంటైనర్ తలుపు తీసే చోట ఉన్న కూలీ ప్రాణం. కాబట్టి ఆ ముక్కలు పీకేసి, సందు ఖాళీగా వదిలి పంపడం ఇంకా పెద్ద తప్పు. మిగతా సగం మాత్రం నిజం కాదు. సందుల్లో దిగగొట్టే ముక్కలు, అడుగున వేసే దిమ్మెలు, చీలికలు, వీటన్నిటినీ కలిపి షిప్పింగ్ భాషలో డన్నేజ్ అంటారు. ప్యాలెట్‌కు వర్తించే నియమమే వీటికీ వర్తిస్తుంది, ఒక్కో ముక్కకు విడిగా ముద్ర ఉండాలి. కంటైనర్ తలుపు తీయగానే మొదట కనిపించేవి కూడా ఇవే.

పరిష్కారం ఆ రాత్రి దొరకదు, వారం ముందు దొరుకుతుంది. ముద్ర ఉన్న సైజు చెక్కలు పొడవుగా తెప్పించి, ముక్కలుగా కోస్తే ముద్ర పోతుంది. అందుకని అడుగు, అడుగున్నర, రెండడుగుల ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీదా ముద్ర వేసి ఇమ్మని శుద్ధి యూనిట్‌కే ఆర్డర్ పెట్టాలి. అవి స్టోర్స్‌లో తాళం వేసి ఉంచాలి. కర్ర ముక్కలకు తాళమా అని నవ్వుతారు. నవ్వనివ్వండి, బయట పెడితే శీతాకాలం చలిమంటలోకి పోతాయి. స్టీలు బ్రాకెట్లు, గాలి సంచులు వాడే వెసులుబాటు ఉంటే ఇంకా మంచిది. శుద్ధి అయిన చెక్కను పచ్చి దుంగల గుట్ట పక్కన పేర్చొద్దు.

అయినా ఆ రాత్రి వస్తుంది. అప్పుడు ఏం చేయాలి? గొడవ పడొద్దు, మౌనంగానూ ఉండొద్దు. ఫొటో తీసి మేనేజర్‌కు ఒక సందేశం పెట్టండి. మాటలు ఇలా ఉంటే చాలు: "సార్, చివరి రెండు బండిళ్ల దగ్గర వేసిన సపోర్టు చెక్కలకు ముద్ర లేదు, బెరడు ఉంది. ఫొటోలు పంపాను. పక్క యూనిట్‌లో ముద్ర ఉన్న ముక్కలు ఉన్నాయని కనుక్కున్నాను. తెప్పిస్తే మార్చి సీలు వేస్తాం. మీ మాట కోసం ఆగుతున్నాను." ఇందులో ఫిర్యాదు లేదు. సమస్య ఉంది, పరిష్కారం ఉంది, సమయం నమోదై ఉంది. నా అనుభవంలో ఇలా రాసి పెట్టాక "అలాగే పంపించెయ్" అని తిరిగి రాసే మేనేజర్లు తక్కువ. ఫోన్‌లో నోటిమాటగా చెప్పేవాళ్లు ఉంటారు. అప్పుడు "మీరు ఫోన్‌లో చెప్పినట్టే చేస్తున్నాం సార్" అని మళ్లీ ఒక వాక్యం రాయండి. చాలాచోట్ల ఆ వాక్యం వెళ్లిన ఐదు నిమిషాలకు చెక్క వస్తుంది.

మేనేజర్‌తో డబ్బు భాషలో మాట్లాడటం కూడా నేర్చుకోవాలి. అమెరికా రేవులో ముద్ర లేని చెక్క గానీ, బతికున్న పురుగు గానీ దొరికితే అక్కడే శుద్ధి చేసుకుంటామంటే ఒప్పుకోరు, తిప్పి పంపమంటారు. 2017 నవంబరు నుంచి మొదటి తప్పుకే జరిమానా వేసే వీలు పెట్టుకున్నారు. జరిమానా పడేది అక్కడి దిగుమతిదారు మీద. ఆయన దాన్ని, రానూపోనూ ఓడ ఖర్చునూ, రేవులో నిలిచిన రోజుల అద్దెనూ కలిపి డెబిట్ నోట్‌గా మీ కంపెనీకి పంపుతాడు. రెండు నీలగిరి ముక్కల పక్కన ఆ మొత్తం పెట్టి చూపిస్తే యజమానికి పురుగుల శాస్త్రం చెప్పే పని ఉండదు.

సంతకం సంగతి. ఆస్ట్రేలియాకు పంపే సరుకుతో ప్యాకింగ్ డిక్లరేషన్ అనే కాగితం వెళ్తుంది. చెక్క వాడారా, అది ప్రమాణం ప్రకారం శుద్ధి అయిందా, గడ్డి లాంటి నిషిద్ధ వస్తువులు ప్యాకింగ్‌లో ఉన్నాయా అని అందులో అడుగుతారు. ఆఫీసులో కూర్చుని పాత షిప్‌మెంట్ ఫైలు తెరిచి తేదీ మార్చి ప్రింట్ తీసే అలవాటు చాలాచోట్ల ఉంది. దానిమీద పేరు మీది. కంటైనర్ చూడనిదే, కనీసం స్టఫింగ్ ఫొటోలు చూడనిదే సంతకం పెట్టొద్దు.

గ్యాస్ కొట్టే చోట పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మిథైల్ బ్రోమైడ్‌కు రంగు లేదు. మనిషికి హాని చేసే మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు. అందుకే హెచ్చరికగా కళ్లు మండించే క్లోరోపిక్రిన్‌ను కొద్దిగా కలుపుతారు. కళ్లు మండటం లేదు కాబట్టి గ్యాస్ పోయిందనుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. పుర్రె గుర్తు బోర్డు ఉన్న టార్పాలిన్ లోపలికి, కంటైనర్‌లోకి, కొలత పరికరంతో చూసి ఆపరేటర్ క్లియరెన్స్ కాగితం ఇచ్చేదాకా అడుగు పెట్టొద్దు. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం రక్షణ కాదు. ఈ గ్యాస్ ఓజోన్ పొరకు చేటు చేసేది కూడా. వీలున్నచోట వేడి శుద్ధికే మళ్లమని ప్రమాణమే చెబుతోంది. కంపెనీలో మాట చెల్లే స్థాయికి వచ్చినప్పుడు ఆ వైపు తిప్పండి.

దిగుమతి గోదాముల్లో, సనత్‌నగర్ కంటైనర్ డిపోలో, విశాఖ రేవు చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు కథ తలకిందులు. విదేశాల నుంచి వచ్చే చెక్కకూ మన దేశంలో ఇదే ప్రమాణం వర్తిస్తుంది. పెట్టె తెరిచినప్పుడు అడుగున తాజా రంపపు పొట్టు లాంటి పొడి, చెక్కకు పెన్సిల్ కంటే కాస్త వెడల్పుగా గుండ్రటి రంధ్రం, మీసాల పురుగు, తెల్లటి లావుపాటి పిల్లపురుగు, వీటిలో ఏది కనిపించినా ఆ చెక్కను పాత సామాన్ల వాడికి ఇవ్వొద్దు, వంటచెరకుకు పంచొద్దు. పక్కన పెట్టి ప్లాస్టిక్ షీటు కప్పి, పురుగును మూతున్న సీసాలో వేసి, సూపర్‌వైజర్ ద్వారా ప్లాంట్ క్వారంటైన్ కార్యాలయానికి కబురు చేయాలి. హైదరాబాద్‌లోనూ, విశాఖపట్నంలోనూ వాళ్ల కార్యాలయాలున్నాయి. మన ఎండలకు ఆ పురుగు బతుకుతుందా అని వాదించేవాళ్లు ఎదురవుతారు. ఆ పెట్టె ఇక్కడే ఉండిపోతుందని ఎవరు చెప్పారు? అందులో వచ్చిన యంత్రం అదే పెట్టెలో రేపు కశ్మీరుకు పోవచ్చు. అక్కడి బ్యాట్ల పరిశ్రమ మొత్తం విల్లో చెట్టు మీదే నిలబడి ఉంది.

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకూ ఇది దూరపు కథ కాదు. మన దుకాణాలతో నిండిన ఐసెలిన్ ఉన్న వుడ్‌బ్రిడ్జ్ ప్రాంతం కొన్నేళ్లు ఈ పురుగు క్వారంటైన్‌లో ఉంది. 2013లో ఆ రాష్ట్రం నుంచి నిర్మూలించామని ప్రకటించారు. ఒహాయోలో, మసాచుసెట్స్‌లో పట్టిన ప్రాంతాల నుంచి వంటచెరకు బయటికి తీసుకుపోవడం నేరం. క్యాంపింగ్‌కు వెళ్లేటప్పుడు కారు డిక్కీలో కట్టెలు వేసుకెళ్లే అలవాటు మానుకోండి, వెళ్లిన చోటే కొనుక్కోండి.

చివరగా, ఈ పనిలో పైకి ఎదగాలనుకునేవాళ్ల కోసం. "ప్యాకింగ్ సూపర్‌వైజర్, నాలుగేళ్ల అనుభవం" అని రెజ్యూమెలో రాస్తే వందమందిలో ఒకరు. ఐఎస్‌పీఎం 15 ప్రకారం సరఫరాదారుల తనిఖీ, స్టఫింగ్ పరిశీలన, డిక్లరేషన్లు చూశానని, దానికి మీరే తయారు చేసిన చెక్‌లిస్టు, ఫొటో రికార్డు చూపించగలిగితే ఎగుమతి కంపెనీలు, కస్టమ్స్ ఏజెంట్లు, సరుకు తనిఖీ సంస్థలు ఆగి చదువుతాయి. వ్యవసాయ డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న పిల్లలకు ఇది ఇంకా దగ్గరి దారి. కీటక శాస్త్రంలో చదివిన పాఠం పరీక్ష తర్వాత పనికొచ్చే చోట్లలో ఇదొకటి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఫ్యుమిగేషన్‌లోనూ, చెక్క ప్యాకింగ్ వేడి శుద్ధిలోనూ శిక్షణ ఇస్తుంది. శుద్ధి యూనిట్లు నడవాలంటే శిక్షణ పొందిన మనిషి కావాలి. అర్హతలు, ఫీజు, తేదీలు మారుతుంటాయి కాబట్టి మధ్యవర్తుల మాట నమ్మకుండా సంస్థనే నేరుగా అడగండి.

రేపు డ్యూటీకి వెళ్లగానే రెండు పనులు చేయండి. స్టోర్స్‌లో ఉన్న ప్యాలెట్ మీది యూనిట్ నంబరు రాసుకుని డైరెక్టరేట్ జాబితాలో వెతకండి. తర్వాత యార్డులో సందులకు వాడే ముక్కల గుట్ట దగ్గరికి వెళ్లి, ఎన్నిటికి ముద్ర ఉందో, ఎన్నిటికి బెరడు ఉందో లెక్కపెట్టి, ఆ లెక్కను మీ మేనేజర్‌కు రాసి పంపండి.